కొత్త గ్యాస్ గ్రిల్ బిగిస్తున్నా, బండ తగిలించే ముందు ఏం చూసుకోవాలి?

ఫ్రిస్కో బుల్లోడు (టెక్సస్) | గురువారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పదకొండేళ్లు అపార్ట్‌మెంట్లలో గడిపి ఈ మధ్యే ఇల్లు కొనుక్కున్నాం. పెరడంటూ వచ్చింది కదా అని మూడు బర్నర్ల ప్రొపేన్ గ్రిల్ తెచ్చాను. బిగించి ఇవ్వడానికి షాపువాళ్లు వేరే డబ్బులడిగారు. నాకు రాదా ఏమిటని పెట్టెతోనే తెచ్చేశా. ఇప్పుడు గరాజ్ నిండా రేకులు, చక్రాలు, చిన్న చిన్న కవర్లలో స్క్రూలు. మాన్యువల్‌లో అన్నీ బొమ్మలే, మాటలు తక్కువ.

సోమవారం మెమోరియల్ డే. పన్నెండు మందిని పిలిచేశాం. అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. మామయ్యగారికి నా చేతిపని మీద పెద్ద నమ్మకం లేదు. "ఎందుకొచ్చిన గొడవ బాబూ, నాలుగిటుకలు పెట్టి బొగ్గులేస్తే సరిపోదా" అంటున్నారు.

మనూళ్లో రెగ్యులేటర్ అంటే టక్కున నొక్కడమే తెలుసు. ఇక్కడ నట్టు తిప్పాలట. బిగించడంలో తప్పులు ఎక్కడ జరుగుతాయి, బండ తగిలించేటప్పుడు ఏం చూసుకోవాలి, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. నిజం చెప్పాలంటే టెన్షన్‌గానే ఉంది.

పెరటిపొయ్యి (ఆల్ఫరెట్టా, జార్జియా) | గురువారం రాత్రి 10:25

కొత్తింటి శుభాకాంక్షలు బ్రో. నేను ఇప్పటికి నాలుగు బిగించాను, రెండు మావి, రెండు స్నేహితులవి. నాకు తెలిసింది చెప్తా.

ముందు కింద బండి ఫ్రేమ్. ఏ స్క్రూనూ మొదటిసారే గట్టిగా బిగించేయకు. అన్నీ సగం సగం ఎక్కించి, నాలుగు కాళ్లూ నేలకి ఆనాయో లేదో చూసి, అప్పుడు వరుసగా బిగించు. ఒక మూల ముందే బిగించేస్తే ఎదురు మూలలో బెజ్జాలు కలవవు, ఇక ఆ రాత్రంతా కుస్తీయే. రేకు అంచులు చాకులా ఉంటాయి, గ్లవ్స్ వేసుకో. పైన బర్నర్లుండే పెద్ద పెట్టెను ఒక్కడివే ఎత్తకు, మామయ్యగారిని పిలువు. నమ్మకం కూడా అక్కడే మొదలవుతుంది.

స్టీలు భాగాల మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. వెలిగించకముందే పీకేయాలి, కాలి అతుక్కుపోతే ఇక రాదు. పెట్టె లోపల థర్మాకోల్ ముక్కలు, అట్టలు దాచినట్టు పెడతారు. మా స్నేహితుడు నూనె ట్రే వెనక అట్ట చూసుకోలేదు, మొదటిరోజే పొగ.

ఇగ్నిటర్‌లో, అంటే మంట వెలిగించే బటన్‌లో, డబుల్ ఏ సెల్ వేయడం మర్చిపోకు. గ్రిల్ వెలగట్లేదని షాపుకి ఫోన్ చేసి తిట్టినవాళ్లని చూశా.

చివర్లో రెండు మూడు స్క్రూలు మిగలడం మామూలే, కంగారుపడకు.

గోదారి మెకానిక్ (రాజమండ్రి) | శుక్రవారం ఉదయం 7:05

బాబూ, నేను గ్యాస్ ఏజెన్సీలో 26 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఒహాయోలో ఉంటాడు, అక్కడి గ్రిల్ కూడా నా చేత్తో విప్పి బిగించాను. అందుకని రాస్తున్నా.

ముందొక ప్రశ్న. బండ ఇప్పుడు ఎక్కడుంది?

ఫ్రిస్కో బుల్లోడు | శుక్రవారం ఉదయం 7:20

గరాజ్‌లోనే ఉందండీ. గ్రిల్ పెట్టె పక్కన.

గోదారి మెకానిక్ | శుక్రవారం ఉదయం 7:31

ముందు దాన్ని బయట పెట్టేసి వచ్చి మిగతాది చదవండి. నీడలో, నిటారుగా. పడుకోబెట్టకూడదు.

ప్రొపేన్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్లలాగా నేల మీద పాకి పల్లం వెతుక్కుంటుంది. మీ టెక్సస్ ఇళ్లలో వేడినీళ్ల గ్యాస్ హీటర్ చాలాసార్లు గరాజ్‌లోనే ఉంటుంది. నేల మీద పాకిన గ్యాస్‌కి ఆ మంట చాలు. గ్రిల్ గరాజ్‌లో బిగించుకోండి, తప్పులేదు. బండను మాత్రం గ్రిల్‌ని పెరట్లోకి తోసుకెళ్లాకే తగిలించాలి. స్పేర్ బండ కొంటే దాన్ని కూడా గ్రిల్ కింద అరలో దాచొద్దు.

గ్యాస్‌కి సొంత వాసన లేదు. ఆ కుళ్లు వాసన మనం పసిగట్టడానికి కలిపిందే. జలుబు చేసినవాళ్లని మాత్రం వాసన చూడమనకండి, మా ఏజెన్సీలో అదొక పెద్ద జోకు.

పెసరట్టు ఉప్మా (ఎడిసన్, న్యూజెర్సీ) | శుక్రవారం ఉదయం 8:15

మెకానిక్ గారూ, మీ పోస్టు చదివి లేచి వెళ్లి మా బాల్కనీ చూసొచ్చా 😅 రెండో అంతస్తు, చెక్క బాల్కనీ. చిన్న గ్రిల్ ఒకటి పెడదామనుకున్నా. ఎదురింటాయన పెట్టాడు కదా?

పెరటిపొయ్యి | శుక్రవారం ఉదయం 8:40

ఎదురింటాయన లీజు చదవలేదన్నమాట అక్కా. చాలా రాష్ట్రాలు అనుసరించే ఫైర్ కోడ్ ప్రకారం కాలే బాల్కనీ మీద గానీ, కాలే గోడకి పది అడుగుల లోపు గానీ అపార్ట్‌మెంట్లలో ఇలాంటి మంటలు పెట్టకూడదు. సొంత ఇళ్లకి మినహాయింపు ఉన్నా, పది అడుగుల లెక్క మనమూ పాటిస్తే మంచిదే. ఇంటి బయటి గోడలకి వేసే ప్లాస్టిక్ పలకలు (వినైల్ సైడింగ్) వేడికి మైనంలా వంగిపోతాయి. మా పక్కింటి గోడ ఇప్పటికీ ఏడుపు మొహం పెట్టుకునే ఉంది. మీరు కరెంటు గ్రిల్ చూసుకోండి.

బుల్లోడూ, నీకు కనెక్షన్ సంగతి.

మన 20 పౌండ్ల బండ మీద పైన మూడు మూలల పిడి ఉంటుంది. లోపల ఒక బుడ్డి లాంటిది తేలుతూ, నిండినప్పుడు నింపడాన్ని ఆపేస్తుంది. బండని 80 శాతమే నింపుతారు, ఎండకి గ్యాస్ ఉబ్బడానికి చోటుండాలిగా. వాల్వ్ చుట్టూ ఉన్న ఇనుప పట్టీ మీద టీడబ్ల్యూ అని, పక్కన అంకె ఉంటుంది, సుమారు 17 పౌండ్లు. అది ఖాళీ బండ బరువు. షాపుల దగ్గర బోనులో పెట్టి మార్చి ఇచ్చేవాటిలో చాలాసార్లు 15 పౌండ్లే పోస్తారు. బాత్రూం తూకం మీద నిలబెట్టి లెక్క చూసుకో. తయారైన నెల, సంవత్సరం కూడా అక్కడే ఉంటాయి. పన్నెండేళ్లు దాటితే మళ్లీ పరీక్ష చేయించకుండా నింపరు.

తగిలించే ముందు బండ వాల్వ్ మూసి ఉందా, గ్రిల్ నాబ్‌లన్నీ ఆఫ్‌లో ఉన్నాయా చూడు. వాల్వ్ మూతి మీద ప్లాస్టిక్ మూత తీసి లోపల నల్ల రబ్బరు రింగు చూడు. చీలినా, లేకపోయినా ఆ బండ వెనక్కి ఇచ్చేయ్. తర్వాత గొట్టం చివర ఉన్న పెద్ద ప్లాస్టిక్ నట్టుని తిన్నగా ఆనించి కుడివైపుకి తిప్పు. చేత్తోనే. పాన వద్దు, తెల్ల టేపు వద్దు. అడ్డంగా ఎక్కిందనిపిస్తే బలవంతం చేయకు, విప్పి మళ్లీ పెట్టు.

గొట్టం వేడి పెట్టెకి తగలకూడదు, మెలిక పడకూడదు, నూనె కారే ట్రే కిందకి రాకూడదు.

థేమ్స్ ఒడ్డు (లండన్) | శుక్రవారం మధ్యాహ్నం

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. యూకేలో ఉన్నవాళ్లు ఇది చదివి పొరపాటు పడకూడదని రాస్తున్నా. ఇక్కడ ఆకుపచ్చ పేషియో గ్యాస్ బండకి 27 మిల్లీమీటర్ల క్లిప్ రెగ్యులేటర్. మన ఇండియాదిలాగే నొక్కితే పట్టుకుంటుంది. ఎర్ర ప్రొపేన్ బండకి మాత్రం మరచుట్టు ఎడమవైపుకి, పైగా పానతో బిగించాలి, దాని రెగ్యులేటర్ 37 మిల్లీబార్లది. అమెరికా వీడియో చూసి చేత్తో కుడివైపుకి తిప్పుతూ అరగంట కూర్చున్న మహానుభావుణ్ని నేనే.

గోదారి మెకానిక్ | శుక్రవారం సాయంత్రం 4:50

థేమ్స్ గారు మంచి మాట చెప్పారు. ఏ దేశపు బండకి ఆ దేశపు పద్ధతే.

ఇక సబ్బు నీళ్లు. గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్లు సగం సగం కలపండి. పాత పెయింటు బ్రష్ తీసుకోండి. గ్రిల్ నాబ్‌లు మూసే ఉండాలి. బండ వాల్వ్ నెమ్మదిగా తెరిచి, వాల్వ్ కాడ దగ్గర, నట్టు చుట్టూ, రెగ్యులేటర్ మీద, గొట్టం పొడవునా, గ్రిల్ వైపు అతుకు దగ్గర తడిపి చూడండి. తొందరపడి పూసేసి నురగ చూసి లీకనుకోవద్దు. పూసిన నురగ ఆరిపోతూ ఉంటుంది, లీకున్న చోట బుడగ పెరుగుతూ ఉంటుంది. సైకిల్ పంచరు షాపులో ట్యూబు తొట్లో ముంచినప్పుడు చూశారుగా, అదే విద్య. బుడగ కనిపిస్తే వాల్వ్ మూసి, మళ్లీ బిగించి, మళ్లీ పూయండి. రెండోసారీ వస్తే ఆ రోజుకి వంట మానేయండి.

అగ్గిపుల్లతో లీకు చూసేవాళ్లని నా సర్వీసులో ముగ్గుర్ని చూశాను. ముగ్గురికీ కనుబొమ్మలు మళ్లీ మొలిచాయి, అది వాళ్ల అదృష్టం.

బండ మార్చిన ప్రతిసారీ ఇది చేయాలి.

ఫ్రిస్కో బుల్లోడు | శుక్రవారం రాత్రి 11:50

బిగించడం అయిపోయింది! మూడున్నర గంటలు పట్టింది. మామయ్యగారు టార్చి పట్టుకున్నారు, మధ్యమధ్యలో "అది తలకిందులు కాదా?" అని అడుగుతూ. రెండుసార్లు నిజంగానే తలకిందులు.

నాలుగు స్క్రూలు, జడపిన్ను లాంటి తీగ క్లిప్ ఒకటి మిగిలాయి. రేపు పొద్దున సబ్బు నీళ్ల పరీక్ష.

పెరటిపొయ్యి | శనివారం ఉదయం 6:55

మిగిలినవి ఒక కవర్లో వేసి దాచేయ్, ఎక్స్‌ట్రా ఇస్తారు. ఒక్కటి గుర్తుపెట్టుకో, వెలిగించేటప్పుడు మూత తెరిచే ఉండాలి. అయిదారు సెకన్లలో అంటుకోకపోతే నాబ్ మూసి అయిదు నిమిషాలు ఆగు. లోపల చేరిన గ్యాస్ పోవాలి.

ఫ్రిస్కో బుల్లోడు | శనివారం ఉదయం 10:30

రిపోర్టు. సబ్బు నీళ్లలో నట్టు దగ్గర ఒక బుడగ బఠాణీ గింజంత పెరిగింది. మూసేసి విప్పి మళ్లీ తిన్నగా ఎక్కించాక రాలేదు. ఇంకెక్కడా లీకు లేదు.

కానీ వెలిగిస్తే రెండు సమస్యలు. మంటలు కొవ్వొత్తిలా ఉన్నాయి. మూత వేసి ఇరవై నిమిషాలైనా మీటర్ 250 ఫారెన్‌హీట్ దాటలేదు. రెండోది, కుడివైపు మూడో బర్నర్ దగ్గర బుస్ బుస్ అని శబ్దం, ఆ నాబ్ ముట్టుకుంటే వేడి. ఇప్పుడు అందరూ వచ్చి గ్రిల్ చుట్టూ నిలబడ్డారు. సెల్ నుంచి రాస్తున్నా.

చలిదేశం (షికాగో) | శనివారం ఉదయం 10:34

ఆపెయ్. బండ వాల్వ్ మూసెయ్, అందర్నీ వెనక్కి జరపు. తర్వాత మాట్లాడుకుందాం.

ఫ్రిస్కో బుల్లోడు | శనివారం ఉదయం 10:37

మూసేశా.

చలిదేశం | శనివారం ఉదయం 10:52

నాబ్ వేడెక్కిందంటే మంట బర్నర్‌లో కాకుండా నాబ్‌ల ప్యానెల్ వెనక మండుతోందన్నమాట. నాకు రెండేళ్ల కిందట జరిగింది. చలికాలమంతా కవరు కప్పి ఉంచి, ఏప్రిల్‌లో తీసి నేరుగా వెలిగించా. బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కట్టింది. గ్యాస్ ముందుకి పోయే దారిలేక వెనక్కి తన్ని, ప్యానెల్ కింద నుంచి మంట వచ్చింది. కిచెన్ గ్లవ్ వేసుకుని వంగి బండ మూసేసరికి రెండు నాబ్‌లు పంచదార పాకంలా కారిపోయాయి. కనుక్కుంటే, సాలీళ్లకి ఆ సన్న గొట్టాలంటే తెగ ఇష్టమట. ఇప్పుడు ప్రతి ఏప్రిల్‌లో గొట్టాల్లోకి సన్న బ్రష్ దూర్చి తీస్తా.

నీది కొత్తది కాబట్టి సాలీడు కాకపోవచ్చు. చల్లారాక జాలీలు తీసి మూడో బర్నర్ గొట్టం మొదలు ఎక్కడుందో చూడు.

గోదారి మెకానిక్ | శనివారం ఉదయం 10:58

ఆ జడపిన్ను క్లిప్ ఒకసారి మాన్యువల్ బొమ్మల్లో వెతకండి. స్క్రూ మిగలొచ్చు గానీ క్లిప్ ఊరికే మిగలదు. నిన్న రాత్రి మీ పోస్టు నేను చూసి ఉంటే అప్పుడే ఆపేవాణ్ని.

ఫ్రిస్కో బుల్లోడు | శనివారం మధ్యాహ్నం 12:15

దొరికింది. 11వ బొమ్మలో ఉంది. బర్నర్ వెనక భాగాన్ని కదలకుండా పట్టుకునే క్లిప్ అది. మిగతా రెండింటికి వేశాను, మూడోదానికి మర్చిపోయాను. బండి గడ్డి మీద తోసేటప్పుడు ఆ బర్నర్ వెనక్కి జారినట్టుంది. నాబ్ వెనక ఇత్తడి ముక్కు ఉంది కదా, దానికి బర్నర్ గొట్టం టోపీలా తొడుక్కుని ఉండాలి. మాదేమో పక్కకి తప్పుకుని ఉంది. గ్యాస్ సగం గొట్టంలోకి, సగం బయటికి.

నాకర్థం కానిది ఒకటే. సబ్బు నీళ్లతో పరీక్ష చేశాం కదా, అది ఎందుకు పట్టుకోలేదు?

గోదారి మెకానిక్ | శనివారం మధ్యాహ్నం 12:40

మంచి ప్రశ్న. పరీక్ష చేసేటప్పుడు నాబ్ మూసి ఉంది కదా బాబూ. గ్యాస్ నాబ్ దగ్గరే ఆగిపోయింది. సబ్బు నీళ్లు బండ నుంచి నాబ్ వరకు సంగతే చెప్తాయి. నాబ్ దాటాక ఉన్న భాగాన్ని కంటితో చూసుకోవాల్సిందే, వేరే దారి లేదు. వంగి, టార్చి వేసి, ప్రతి బర్నర్ మూతి ఇత్తడి ముక్కుని కప్పిందా లేదా చూడాలి. ఆ ముక్కు గొట్టానికి నడిమధ్యలో ఉండాలి, పక్కకి వాలకూడదు. చాలామంది లీక్ టెస్ట్ అయిపోయిందని ధీమాగా ఉండిపోయేది ఇక్కడే.

పెరటిపొయ్యి | శనివారం మధ్యాహ్నం 1:05

బుల్లోడూ, సారీ బ్రో. "ఎక్స్‌ట్రా ఇస్తారు" అని రెండుసార్లు చెప్పింది నేనే. నాలుగు గ్రిల్స్ బిగించానన్న గర్వం. నా వాటన్నిటికీ బర్నర్లు ఫ్యాక్టరీలోనే బిగించి వచ్చాయి, ఈ క్లిప్ సంగతే నాకు తెలీదు.

చిన్న మంట సంగతి వేరే. బండ వాల్వ్ ఎవరు తెరిచారు, ఎలా తెరిచారు?

ఫ్రిస్కో బుల్లోడు | శనివారం మధ్యాహ్నం 1:20

పరవాలేదన్నా, క్లిప్ మర్చిపోయింది నేను. రెండోసారి బండ తెరిచింది మామయ్యగారు. కుళాయి తిప్పినట్టు ఒక్క ఊపులో. అప్పటికి ఒక నాబ్ కూడా తెరిచే ఉన్నట్టుంది.

పెరటిపొయ్యి | శనివారం మధ్యాహ్నం 1:32

అదే కారణం. గొట్టం ఎక్కడైనా తెగితే గ్యాస్ ఆపడానికి ఆ నట్టులో ఒక చిన్న ఏర్పాటుంది. ఒక్కసారిగా గ్యాస్ దూసుకొస్తే గొట్టం తెగిందనుకుని దారి బిగించేస్తుంది, బొట్టు బొట్టుగానే వదులుతుంది. గ్రిల్ పాడైందని వెనక్కిచ్చేసేవాళ్లలో సగంమందికి ఇదే అయ్యుంటుందని నా అనుమానం. బండ మూసెయ్, నాబ్‌లన్నీ మూసెయ్, నట్టు విప్పి కాసేపు ఆగు. మళ్లీ తగిలించి, సబ్బు నీళ్లు పూసి, వాల్వ్‌ని గడియారం ముల్లంత నెమ్మదిగా తెరువు. ఆ తర్వాతే ఒక్కో నాబ్.

మిద్దె మీద (కూకట్‌పల్లి, హైదరాబాద్) | శనివారం రాత్రి 8:10

మెకానిక్ గారూ, మా బావ తిరిగొచ్చేస్తూ కంటైనర్‌లో అమెరికా గ్రిల్ తెచ్చిండు. ఇంట్లో 14.2 కిలోల బండకి పెట్టుకోవచ్చా? దుకాణంలో ఏదో అడాప్టర్ ఉందంటున్నరు.

గోదారి మెకానిక్ | శనివారం రాత్రి 8:45

వద్దండీ. ఆ నట్టు మన బండ వాల్వ్‌కి ఎలాగూ పట్టదు. ప్రెషర్ దగ్గర దగ్గరే, అక్కడ 11 అంగుళాల నీటి మట్టమంటారు, మన ఇంటి రెగ్యులేటర్ దాదాపు అంతే ఇస్తుంది. తేడా గ్యాస్‌లో ఉంది. అక్కడిది ప్రొపేన్, మనది బ్యూటేన్ కలిసిన గ్యాస్. ముక్కు బెజ్జం వేరే గ్యాస్‌కి కొలిచి పెట్టారు కాబట్టి మంట పసుపు రంగులో వచ్చి మసి పట్టొచ్చు. రోడ్డు పక్క అడాప్టర్‌ని నమ్మి మిద్దె మీద పది మందిని నిలబెట్టకండి. మన ఎల్‌పీజీకి చేసిన గ్రిల్ కొనుక్కుని, ఐఎస్ఐ గుర్తున్న నారింజ రంగు సురక్షా పైపు వేయించండి. ఆ పైపు కూడా అయిదేళ్లకోసారి మార్చాలి. వాసనొస్తే గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయండి, రాత్రయినా పలుకుతారు.

బావగారి గ్రిల్‌ని బొగ్గుల పొయ్యిగా వాడుకుందామని కూడా అనుకోకండి, ఆ రేకు దానికోసం చేసింది కాదు.

పెసరట్టు ఉప్మా | శనివారం రాత్రి 9:30

అయితే మా అన్నయ్య ఇంట్లో పెరట్లోకి నేచురల్ గ్యాస్ పైపుంది. ప్రొపేన్ గ్రిల్ దానికి పెట్టొచ్చా?

చలిదేశం | శనివారం రాత్రి 9:48

అదే కథ అక్కా. దాని ప్రెషర్ తక్కువ, బెజ్జం పెద్దది కావాలి. ఆ గ్రిల్ కంపెనీ వాళ్లు మార్చుకునే కిట్ ఇస్తేనే, అదీ లైసెన్సున్న మనిషి చేత. లేకపోతే వేరే గ్రిల్.

ఫ్రిస్కో బుల్లోడు | సోమవారం రాత్రి 10:15

ముగించేశాం. ఆదివారం పొద్దున్నే అన్నీ విప్పి, క్లిప్ వేసి, మూడు బర్నర్ల మూతులూ టార్చి వేసి ఫొటోలు తీశా. నట్టు మళ్లీ తగిలించి, ఈసారి నేనే నెమ్మదిగా తెరిచా. నీలం మంట, చివర్న కొంచెం పసుపు. పావుగంట ఖాళీగా మండించాం, ఫ్యాక్టరీ నూనె వాసన పోయింది. మీటర్ 500 దాటింది.

ఈ రోజు పన్నెండు మంది అనుకున్నాం, పదిహేడు మంది వచ్చారు. అత్తయ్యగారు గోంగూర, పచ్చిమిర్చి రుబ్బి నానబెట్టిన చికెన్ కాళ్లు. థర్మామీటర్ గుచ్చి 165 ఫారెన్‌హీట్ వచ్చాకే దించాను. మొదటి వాయి పైన మాడింది, అది నేను తినేశా. లెక్కేసుకుంటే గంటకి 36 వేల బీటీయూల (వేడి కొలత) గ్రిల్ కదా, నిండు బండతో మూడూ ఫుల్‌లో పెడితే దాదాపు పన్నెండు గంటలొస్తుంది. నాది పదిహేను పౌండ్ల బండ, తొమ్మిది గంటలే. స్పేర్ బండ కొనాలి, బయటే పెట్టాలి.

సబ్బు నీళ్ల డ్యూటీ మామయ్యగారు తీసుకున్నారు. మధ్యాహ్నం నుంచి బ్రష్ కింద పెట్టలేదు. వచ్చిన ప్రతి అతిథికీ "అదిగో, నాబ్ వరకే చెప్తుంది ఇది" అని వివరిస్తూ తిరిగారు.

ఇప్పుడు లోపల డైనింగ్ టేబుల్ మీద మాన్యువల్ పరుచుకుని కూర్చున్నారు. మిగిలిన ఆ నాలుగు స్క్రూలు ఏ బొమ్మలో ఉన్నాయో వెతుకుతున్నారు.